కార్బన్ నానోట్యూబుల వ్యాసం (డయామీటర్): ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఇమేజ్ నుంచి సరిగ్గా కొలిచే పద్ధతి

ఎచ్చెర్లలోనో, రాజాంలోనో, విజయనగరంలోనో ప్రాజెక్టు చేస్తూ, నానోట్యూబుల (కార్బన్ పరమాణువులతో అయిన అతి సన్నటి గొట్టాల) నమూనాను వేరే ఊరి ల్యాబుకు పంపి, ఇమేజ్‌లు పెన్‌డ్రైవ్‌లో తెప్పించుకునే విద్యార్థుల కోసం ఇది. ఆ ఇమేజ్‌లు చేతికి వచ్చాక ఏ నాలుగు ట్యూబుల మీదో గీతలు గీసి, "సగటు వ్యాసం 25 నానోమీటర్లు" అని థీసిస్‌లో రాసేస్తే అది కొలత కాదు. ఏ ట్యూబులను ఎంచుకున్నారు, ఎలా ఎంచుకున్నారు, ఎంత వరకు నమ్మవచ్చు అన్నవి పక్కన లేని అంకెకు విలువ లేదు. ఇందులో సగం పని సాఫ్ట్‌వేర్ తెరవకముందే, నమూనా పంపే రోజునే తేలిపోతుంది.

ముందు ఏ యంత్రం కావాలో తేల్చుకోండి

ఒకే గోడ ఉన్న ట్యూబులు సాధారణంగా 1 నుంచి 2 నానోమీటర్ల వ్యాసంలో ఉంటాయి. వాటిని సెమ్‌లో (ఎలక్ట్రాన్ బీమ్‌తో నమూనా పైభాగాన్ని స్కాన్ చేసే మైక్రోస్కోపులో) కొలవలేం. అక్కడ కనబడేది ట్యూబు కాదు, పదుల ట్యూబులు అతుక్కున్న కట్ట. ఆ కట్ట వ్యాసాన్ని ట్యూబు వ్యాసంగా రాయడం చాలా రిపోర్టుల్లో కనబడే తప్పు. వీటికి టెమ్, అంటే బీమ్‌ను నమూనా గుండా పంపి చూసే మైక్రోస్కోపు కావాలి. పక్కన రామన్ (లేజర్ వెలుగు నమూనా మీద చెదిరే తీరు చూసే పరీక్ష) కూడా తీయించుకుంటే మంచిది. ఆర్‌బీఎమ్ శిఖరం (ట్యూబు ఉబ్బుతూ ముడుచుకుంటూ కంపించడం వల్ల వచ్చేది) ఎన్ని వేవ్‌నంబర్ల దగ్గర ఉందో చూసి, 248ని ఆ అంకెతో భాగిస్తే వ్యాసం నానోమీటర్లలో ఉజ్జాయింపుగా వస్తుంది.

అనేక గోడల ట్యూబులు సుమారు 5 నుంచి 100 నానోమీటర్ల దాకా ఉంటాయి. 20 దాటినవాటికి సన్నటి బీమ్ ఇచ్చే ఫీల్డ్ ఎమిషన్ సెమ్ సరిపోతుంది. మామూలు టంగ్‌స్టన్ ఫిలమెంట్ సెమ్ బ్రోచర్‌లో 3 నానోమీటర్ల రిజల్యూషన్ అని ఉంటుంది కానీ, అది 30 కిలోవోల్టుల దగ్గర, బంగారు కణాలు పెట్టి చూపించేది. మీ నమూనాలో అంత రాదు. ఆ యంత్రంలో 30 నానోమీటర్ల లోపు ట్యూబుల వ్యాసాన్ని నమ్మకండి.

నమూనా తయారీ

పొడిని ఫ్యూమ్ హుడ్‌లోనే, మాస్కు, గ్లవ్స్ వేసుకుని తీయండి. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. 0.1 మిల్లీగ్రాము పొడికి 5 నుంచి 10 మిల్లీలీటర్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ లేదా ఇథనాల్ పోసి, బాత్ సోనికేటర్‌లో (ధ్వని తరంగాలతో కలిపే తొట్టిలో) 10–15 నిమిషాలు ఉంచండి. ద్రావణం లేత బూడిద రంగులో, వెనక అక్షరాలు చదవగలిగేంత పలుచగా ఉండాలి. నల్లగా ఉంటే ఇంకా పలుచన చేయండి. చిక్కటి చుక్క ఆరాక ట్యూబులు ఒకదాని మీద ఒకటి పేరుకుపోతాయి, కొలవడానికి ఒక్క ఒంటరి ట్యూబు మిగలదు. ప్రోబ్ సోనికేటర్ జోలికి పోవద్దు, అది ట్యూబులను తెగ్గొడుతుంది. వ్యాసం మారదు కానీ పొడవు లెక్క పూర్తిగా చెడిపోతుంది.

సెమ్‌కు శుభ్రం చేసిన సిలికాన్ వేఫర్ ముక్క మీద ఒక చుక్క వేసి ఆరనివ్వండి. కార్బన్ టేపు మీద నేరుగా పొడి చల్లితే వెనకా కార్బనే, ముందూ కార్బనే. అంచు ఎక్కడుందో ప్రోగ్రాముకు తెలియదు, మీకూ తెలియదు. టెమ్‌కు లేసీ కార్బన్ (రంధ్రాలున్న పలుచని కార్బన్ పొర) ఉన్న 300 మెష్ రాగి గ్రిడ్ మీద 3–5 మైక్రోలీటర్లు చాలు. రంధ్రం మీదుగా సాగిన ట్యూబుకు వెనక ఏ పొరా ఉండదు కాబట్టి గోడలు స్పష్టంగా కనబడతాయి.

మన కోస్తా గాలిలో తేమ ఎక్కువ. ఆరిన గ్రిడ్లను గ్రిడ్ బాక్సులో పెట్టి, నీలం రంగు పోని సిలికా జెల్ ఉన్న డెసికేటర్‌లో ఉంచండి. ప్రయాణంలో కూడా ఆ బాక్సును సిలికా జెల్ పొట్లంతో కలిపి జిప్ కవర్‌లో వేయండి.

ఆపరేటర్‌కు ఏం రాసివ్వాలి

"మంచి ఇమేజ్‌లు తీయండి సార్" అంటే అందంగా కనబడే చోటు వెతికి తీస్తారు. వాళ్ళ తప్పేం లేదు, మీరు అడిగింది అదే. కొలతకు కావలసింది వేరు. ఒక కాగితం మీద ఇవి రాసి నమూనాతో పాటు పంపండి.

గోల్డ్ కోటింగ్ వద్దు. నానోట్యూబులు విద్యుత్ వాహకాలు, సిలికాన్ మీద ఉంటే ఛార్జింగ్ సమస్య పెద్దగా రాదు. 5 నానోమీటర్ల కోటింగ్ వేస్తే రెండు వైపులా కలిపి వ్యాసానికి 10 నానోమీటర్ల దాకా తోడవుతుంది. అంటే 20 నానోమీటర్ల ట్యూబు 30గా కొలతకు వస్తుంది. పాలిమర్‌లో కలిపిన ట్యూబులైతే కోటింగ్ తప్పదు. అప్పుడు ఎంత మందం, ఏ లోహం అన్నది రాయించుకోండి.

ఫీల్డ్ ఎమిషన్ సెమ్‌లో 5 కిలోవోల్టులు, వర్కింగ్ డిస్టెన్స్ 4–5 మిల్లీమీటర్లు, ఇన్‌లెన్స్ డిటెక్టర్, టిల్ట్ సున్నా. టెమ్‌లో వీలైతే 80 కిలోవోల్టులు. సుమారు 86 కిలోవోల్టులు దాటితే ఎలక్ట్రాన్లు గోడలోని కార్బన్ పరమాణువులను గెంటివేయగలవు. 200 కిలోవోల్టుల యంత్రమే దొరికితే ఒకే చోట ఎక్కువసేపు బీమ్ నిలపవద్దని చెప్పండి.

నమూనా మీద కనీసం పది వేర్వేరు చోట్ల, ఒకే మాగ్నిఫికేషన్‌లో తీయాలి. ఫోకస్, స్టిగ్మేషన్ (బీమ్ గుండ్రంగా ఉండేలా చేయడం) సరిచేసే పని పక్క చోట చేసుకుని, కొలవాల్సిన చోటికి జరిగి మొదటి స్కాన్‌నే సేవ్ చేయాలి. బీమ్ తగిలినకొద్దీ యంత్రం ఛాంబర్‌లోని, నమూనాలోని హైడ్రోకార్బన్లు ట్యూబు మీద పొరగా పేరుకుంటాయి. ఒకే చోట చాలాసేపు చూస్తూ ఉంటే ట్యూబు కళ్ళ ముందే లావెక్కుతుంది.

పిక్సెల్ లెక్క కూడా రాయండి. ట్యూబు వెడల్పులో కనీసం 10 పిక్సెళ్ళు పడాలి. 20 నానోమీటర్ల ట్యూబుకు పిక్సెల్ 2 నానోమీటర్లు మించకూడదు. 1280 పిక్సెళ్ళ వెడల్పు ఇమేజ్ అయితే ఫీల్డ్ వెడల్పు 2.5 మైక్రోమీటర్ల దగ్గర ఉండాలి. "50,000 రెట్లు" అని అడగడం కంటే ఇలా అడగడం మేలు. మాగ్నిఫికేషన్ అంకె తెర సైజును బట్టి మారుతుంది, ఫీల్డ్ వెడల్పు మారదు.

ఫైళ్ళు టిఫ్ ఫార్మాట్‌లోనే తీసుకోండి. జేపెగ్ అంచుల దగ్గర లేని మచ్చలు పుట్టిస్తుంది. ఇంకొక మాట: ఇమేజ్‌ను వాట్సాప్‌లో ఫొటోగా పంపించుకోవద్దు. అది పిక్సెళ్ళు తగ్గించి, కుదించి పంపుతుంది. మెటాడేటాలో ఉన్న పిక్సెల్ సైజు ఆ కాపీకి ఇక వర్తించదు. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపమనండి. వర్డ్ ఫైలులో అతికించిన ఇమేజ్‌దీ ఇదే గతి.

చివరగా, అదే రోజు, అదే మాగ్నిఫికేషన్‌లో, ఫ్రేములో పది గీతలు పట్టకపోతే దానికి దగ్గరి, కాస్త తక్కువ మాగ్నిఫికేషన్‌లో కాలిబ్రేషన్ గ్రేటింగ్ (గీతల మధ్య దూరం ముందే తెలిసిన పలక) ఇమేజ్ ఒకటి అడగండి. మిల్లీమీటరుకు 2160 గీతలున్న గ్రేటింగ్ చాలా ల్యాబుల్లో ఉంటుంది. దాని గీతల మధ్య దూరం 463 నానోమీటర్లు.

ఇమేజ్‌లు వచ్చేలోపు పొందూరు నూలుతో సాధన

కొలిచే సాఫ్ట్‌వేర్ పేరు ఇమేజ్‌జె. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్‌ఐహెచ్‌లో వేన్ రాస్‌బండ్ రాసిన ఉచిత ప్రోగ్రామ్. దానికే కావలసిన ప్లగిన్‌లు చేర్చి ఇచ్చేది ఫిజీ, అదే డౌన్‌లోడ్ చేసుకోండి.

చేయి తిరగడానికి పొందూరు సన్న ఖద్దరు నూలు నాలుగు పోగులు తెచ్చి, చిక్కుగా స్కానర్ అద్దం మీద పరవండి. పక్కన స్టీలు స్కేలు, స్క్రూ గేజ్‌తో ముందే కొలిచి పెట్టుకున్న సన్నటి రాగి తీగ ముక్క ఉంచండి. 1200 డీపీఐలో స్కాన్ చేస్తే ఒక పిక్సెల్ 21 మైక్రోమీటర్లు. నూరో నంబరు (అతి సన్నటి రకం) పోగు లావు మిల్లీమీటరులో పదో వంతు మాత్రమే కాబట్టి దాని మీద అయిదు పిక్సెళ్ళు కూడా సరిగ్గా పడవు. గీత ఒక్క పిక్సెల్ జరిగితే కొలత 20 శాతం మారిపోతుంది. 4800 డీపీఐలో అదే పోగు మీద 19 పిక్సెళ్ళు పడతాయి, స్కానర్‌కు నిజంగా అంత ఆప్టికల్ రిజల్యూషన్ ఉంటే. రెండింటిలోనూ ఇరవై చోట్ల కొలిచి చూస్తే పది పిక్సెళ్ళ నియమం ఎందుకో చేతికి తెలుస్తుంది. తీగ కొలత స్క్రూ గేజ్‌తో సరిపోయిందంటే మీ స్కేలు సెట్టింగ్ సరైనదే. నూలు పోగును మాత్రం స్క్రూ గేజ్‌తో సరిచూడకండి, బిగిస్తే నలిగి సన్నబడుతుంది.

స్కేలు పెట్టడం

టిఫ్ ఫైలు తెరిచి, ముందు ఇమేజ్ మెనూలో షో ఇన్ఫో చూడండి. జెయిస్, ఎఫ్‌ఈఐ యంత్రాల ఫైళ్ళలో పిక్సెల్ సైజు అక్కడే ఉంటుంది. జియోల్, హిటాచీ అయితే అదే పేరుతో టెక్స్ట్ ఫైలు విడిగా వస్తుంది. దాన్ని పారేయకండి. ఆ అంకె దొరికితే ఎనలైజ్ మెనూలో సెట్ స్కేల్ తెరిచి నేరుగా వేయండి.

దొరక్కపోతే స్కేల్ బార్‌ను వాడాలి. ఇమేజ్‌ను 300 శాతానికి పెద్దది చేసి, స్ట్రెయిట్ లైన్ టూల్‌తో షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని బార్ ఈ చివర నుంచి ఆ చివరకు గీయండి. షిఫ్ట్ వల్ల గీత వంకర పోదు. ఉదాహరణకు 200 నానోమీటర్ల బార్ మీద 312 పిక్సెళ్ళు వచ్చాయనుకోండి. నానోమీటరుకు 1.56 పిక్సెళ్ళు, అంటే పిక్సెల్ 0.64 నానోమీటర్లు. రెండు చివర్లా ఒక్కో పిక్సెల్ తప్పినా 0.6 శాతమే తేడా. బార్ 40 పిక్సెళ్ళే ఉంటే అదే తప్పు 5 శాతం అవుతుంది. అందుకే పొడవాటి బార్ అడగాలి. సెట్ స్కేల్‌లో గ్లోబల్ టిక్ పెడితే తరువాత తెరిచే ప్రతి ఇమేజ్‌కూ ఇదే స్కేలు అంటుకుంటుంది. మాగ్నిఫికేషన్ మారిన ఇమేజ్ ఒక్కటి మధ్యలో దూరినా లెక్కంతా పాడవుతుంది, జాగ్రత్త.

ఇప్పుడు గ్రేటింగ్ ఇమేజ్‌లో పది గీతల దూరం కొలవండి. 4.63 మైక్రోమీటర్లు రావాలి. 4.72 వచ్చిందంటే యంత్రం స్కేలు దాదాపు 2 శాతం ఎక్కువ చూపిస్తోంది. మీ వ్యాసాలన్నింటినీ 0.981తో గుణించండి. అడ్డంగా, నిలువుగా రెండు దిశల్లోనూ చూడండి, రెండూ ఒకటే కానక్కరలేదు.

ఏ ట్యూబును కొలవాలి

కన్ను స్పష్టంగా, నిటారుగా, లావుగా ఉన్నదాని మీదికి పోతుంది. మీరు ఎంత నిజాయితీగా ఉన్నా ఇది తప్పదు. అందుకని ఎంపిక మీ చేతిలో ఉంచుకోకండి. ఎనలైజ్, టూల్స్, గ్రిడ్‌లోకి వెళ్ళి ఇమేజ్ మీద చతురస్రాల వల పరవండి. అడ్డ గీతలను, నిలువు గీతలను తాకిన ప్రతి ట్యూబునూ ఆ తాకిన చోటే కొలవండి. అడ్డ గీతలు మాత్రమే వాడితే వాటికి సమాంతరంగా పడుకున్న ట్యూబులు తప్పిపోతాయి. ఒకే ట్యూబు రెండు గీతలను తాకితే మొదటిదే లెక్కలోకి తీసుకోండి.

అలా చేసినా పొడవాటి ట్యూబులకు గీతకు తగిలే అవకాశం ఎక్కువే. ఆ సంగతి రిపోర్టులో ఒక వాక్యంగా రాయండి. అంచు మసకగా ఉందనో, మరో ట్యూబు కింద ఉందనో వదిలేసినవి ఎన్నో కూడా లెక్కపెట్టండి. వదిలేసినవన్నీ సన్నవే అయితే మీ సగటు పైకి జరిగినట్టే.

గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలి

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. సెమ్‌లో ట్యూబు అంచు కత్తితో కోసినట్టు ఉండదు. నాలుగైదు పిక్సెళ్ళ మేర బూడిద రంగు క్రమంగా మారుతుంది. కంటితో ఒకరు లోపలి వైపు, ఇంకొకరు బయటి వైపు గీస్తారు. బ్రైట్‌నెస్ పెంచితే ట్యూబు లావుగా కనబడుతుంది, తగ్గిస్తే సన్నగా కనబడుతుంది. కాబట్టి కంటిని కాదు, ప్రొఫైల్‌ను (గీత వెంట వెలుగు ఎలా మారిందో చూపే గ్రాఫ్‌ను) నమ్మండి.

లైన్ టూల్ మీద డబుల్ క్లిక్ చేసి లైన్ వెడల్పు 10 పెట్టండి. ట్యూబుకు అడ్డంగా, రెండు వైపులా బాగా బయటికి పోయేలా గీత గీసి కె నొక్కండి. ట్యూబు వెంబడి పది పిక్సెళ్ళ సగటు తీసుకున్న గ్రాఫ్ వస్తుంది, నాయిస్ తగ్గుతుంది. వెనక నేల సగటు 60, శిఖరం 180 అనుకుంటే సగం ఎత్తు 120. గ్రాఫ్ 120ని ఎడమ వైపు 14.2 దగ్గర, కుడి వైపు 37.9 దగ్గర దాటితే వ్యాసం 23.7 నానోమీటర్లు. లావు ట్యూబుల్లో రెండు అంచులూ మెరిసి మధ్యలో గుంట పడుతుంది. అప్పుడు ఎడమ శిఖరానికి ఎడమ సగం ఎత్తు, కుడి శిఖరానికి కుడి సగం ఎత్తు విడివిడిగా చూడాలి.

గీత ట్యూబుకు సరిగ్గా అడ్డంగా లేకపోతే కొలత ఎప్పుడూ పెరుగుతుందే తప్ప తగ్గదు. 10 డిగ్రీలు ఒరిగితే 1.5 శాతం, 20 డిగ్రీలు ఒరిగితే 6.4 శాతం. ట్యూబు వంగిన చోట కాక, కాస్త నిటారుగా ఉన్న చోట గీయండి. ప్రతి గీతకూ టి నొక్కి ఆర్‌ఓఐ మేనేజర్ అనే జాబితాలో చేర్చి జిప్ ఫైలుగా దాచుకోండి. గైడ్ "ఈ ట్యూబు ఏది?" అని అడిగితే వెంటనే చూపించగలగాలి.

ఒక పరీక్ష మాత్రం మానకండి. ఇమేజ్‌జె ఫలితాల పట్టికలో గీత కోణం కూడా వస్తుంది. ఎక్సెల్‌లో కోణాన్ని 0–180 మధ్యకు తెచ్చి, దానికి ఎదురుగా వ్యాసాన్ని చుక్కలుగా వేసి చూడండి. ఏ దిశలో పడుకున్న ట్యూబుకైనా ఒకే రకమైన వ్యాసాలు రావాలి. 45 డిగ్రీల దగ్గర లావుగా, 135 దగ్గర సన్నగా వస్తున్నాయంటే అవి ట్యూబుల గుణాలు కావు, ఆ ఇమేజ్‌లో స్టిగ్మేషన్ సరిగా లేదు. ఆ ఇమేజ్ పక్కన పడేయండి. నిలువు ట్యూబులు మెలికలు తిరిగి, అడ్డంవి తిన్నగా ఉంటే స్కాన్ జరుగుతుండగా స్టేజి కదిలింది, లేదా పక్కన ఏదో కంపనం ఉంది.

టెమ్‌లో గోడలు లెక్కపెట్టడం

టెమ్ ఇమేజ్‌కు స్కేలు ట్యూబులోనే దాగి ఉంటుంది. అనేక గోడల ట్యూబులో గోడకూ గోడకూ మధ్య దూరం సుమారు 0.34 నానోమీటర్లు. గోడల మీద చతురస్రం గీసి ఎఫ్‌ఎఫ్‌టీ (పదేపదే వచ్చే గీతల మధ్య దూరం చూపే లెక్క) తీస్తే మధ్య నుంచి రెండు వైపులా రెండు చుక్కలు వస్తాయి. మధ్య నుంచి ఒక్కో చుక్క దూరం చూపే గోడల ఎడం 0.34కు సరిపోకపోతే స్కేల్ బార్‌ను అనుమానించండి.

గోడల సంఖ్యకు సులభమైన లెక్క ఉంది. బయటి వ్యాసంలోంచి లోపలి వ్యాసం తీసేసి, 0.68తో భాగించి, ఒకటి కలపండి. బయట 15.2, లోపల 5.0 అయితే 10.2ను 0.68తో భాగిస్తే 15, ఒకటి కలిపితే 16 గోడలు. ఈ లెక్కకు రెండు వ్యాసాలనూ గోడ గీత మధ్య నుంచి గోడ గీత మధ్యకు కొలవాలి. ఇమేజ్‌లో నేరుగా లెక్కపెట్టిన గోడలతో ఇది సరిపోవాలి. అంచు వెంట తెల్లటి లేదా నల్లటి అదనపు గీత కనబడితే అది ఫోకస్ తప్పడం వల్ల వచ్చే ఫ్రెనెల్ అంచు, గోడ కాదు.

గోడల బయట గీతలు లేని మసక పొర ఉంటే అది అస్ఫటిక కార్బన్. దాన్ని వ్యాసంలో కలపకండి. సెమ్‌కు ఈ తేడా తెలియదు. ఒకే నమూనాకు సెమ్ వ్యాసం టెమ్ కంటే ఎక్కువ రావడానికి ఇదొక ముఖ్య కారణం.

ఆటోమేటిక్‌గా కొలిపించాలంటే

డయామీటర్‌జె, రిడ్జ్ డిటెక్షన్ వంటి ప్లగిన్‌లు వేల చోట్ల ఒకేసారి కొలుస్తాయి. డయామీటర్‌జె ముందు ఇమేజ్‌ను నలుపు తెలుపుగా మార్చి, ట్యూబు నడిమి గీత పట్టుకుని, అక్కడి నుంచి అంచు దాకా దూరాన్ని రెట్టింపు చేస్తుంది. కింద ఉన్న డేటా బార్‌ను క్రాప్ చేసి, సిగ్మా 1తో గాసియన్ బ్లర్ వేసి, తర్వాత థ్రెషోల్డ్ (ఏ బూడిద రంగు దాటితే తెలుపుగా లెక్కించాలో చెప్పే అంకె) పెట్టండి. ఫలితం మొత్తం ఆ థ్రెషోల్డ్ మీదే ఆధారపడుతుంది. దాన్ని అయిదు అంకెలు పైకీ కిందికీ జరిపి సగటు ఎంత మారుతుందో చూడండి. చేతితో కొలిచిన యాభై ట్యూబులతో పోల్చకుండా ఈ ఫలితాన్ని వాడవద్దు. పక్కపక్కన అంటుకున్న రెండు ట్యూబులను అది ఒక లావు ట్యూబుగా చదువుతుంది. దట్టంగా అల్లుకున్న ఇమేజ్‌లో ఈ తప్పే ఎక్కువ.

లెక్క, రిపోర్టు

ముప్పై ట్యూబులు చాలవు. స్టాండర్డ్ డీవియేషన్ 6.2 నానోమీటర్లు అనుకుంటే, 30 కొలతలకు సగటులో అనిశ్చితి 1.13, 200 కొలతలకు 0.44. ఆ 200 కూడా పది చోట్ల నుంచి ఇరవై చొప్పున రావాలి. ఒకే ఇమేజ్‌లో పక్కపక్కన పెరిగిన ట్యూబులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి, అవి 200 విడి కొలతలతో సమానం కావు.

స్కేలు అనిశ్చితి 2 శాతం అయితే 24 నానోమీటర్ల సగటు మీద 0.48. 0.44, 0.48 రెండింటి వర్గాలు కలిపి వర్గమూలం తీస్తే 0.65, దాని రెట్టింపు 1.3. సగటు 24.0, ప్లస్ ఆర్ మైనస్ 1.3 నానోమీటర్లు, 200 ట్యూబులు అని రాయండి. దశాంశం తర్వాత మూడు అంకెలు రాయడం వల్ల ఒరిగేది లేదు.

ఈ 1.3 సగటుకు సంబంధించింది, ట్యూబుల మధ్య తేడా వేరే సంగతి. దానికి హిస్టోగ్రామ్ ఇవ్వండి, మీడియన్, పది శాతం, తొంభై శాతం విలువలు రాయండి. లావు వైపు తోక సాగి ఉంటే లాగ్‌నార్మల్ వక్రం వేసి చూడండి. మీ స్నేహితుడి చేత అవే 20 ట్యూబులు విడిగా కొలిపించండి. ఇద్దరి తేడాను బట్టి చేతి వల్ల వచ్చే చెదురు తెలుస్తుంది. అది 1.5 అనుకుంటే 6.2 వర్గంలోంచి దాని వర్గం తీసేసి వర్గమూలం తీయండి. ట్యూబుల అసలు తేడా 6.0 అని తేలుతుంది.

పొడవు గురించి అడిగేవాళ్ళు ఉంటారు. సెగ్మెంటెడ్ లైన్‌తో ట్యూబు వంపుల వెంట గీసి కొలవవచ్చు. కానీ రెండు చివర్లూ కనబడే ట్యూబులు పొట్టివే. పొడవాటివి ఫ్రేము దాటి పోతాయి, లేదా మరో ట్యూబు కిందికి దూరి మాయమవుతాయి. స్టేజి 30 డిగ్రీలు వంచి ఉంటే ఆ వంపు దిశలో పడుకున్న ట్యూబు పొడవు 13 శాతం తక్కువగా కనబడుతుంది. గుట్టగా ఉన్న పొడి ఇమేజ్ నుంచి సగటు పొడవు రాయకండి. వేఫర్ మీద విడివిడిగా పరిచిన నమూనా, తక్కువ మాగ్నిఫికేషన్‌లో పెద్ద ఫ్రేము ఉంటేనే ఆ పనికి పూనుకోండి. ఫ్రేము అంచును తాకిన ట్యూబులు ఎన్నో పట్టికలో పక్కన వేయండి.